డ్రైవర్ తప్పు

మా వదిన ఎదురుగా ఉండగా ఆ ఇంట్లో ఎవరూ నిదానంగా తిన్న పాపాన పోలేదు. ఆఖరి ముద్ద నోటి దగ్గరికి వెళ్ళేలోపు కంచం సింకులో ఉంటుంది. గ్లాసు కింద పెడితే చాలు, కడిగి బోర్లించేస్తుంది. చదువుతున్న పేపరు పక్కన పెట్టి తుమ్మితే, తుమ్ము పూర్తయ్యేసరికి పేపరు మడతపడి పాత పేపర్ల దొంతరలో చేరుతుంది. మా అన్నయ్య మందుల షాపులో పని చేస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. పదకొండేళ్ళ కాపురంలో ఎడం చేత్తో కంచం అంచు గట్టిగా పట్టుకుని తినడం నేర్చుకున్నాడు తప్ప పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు. నేను అలాంటివాణ్ణి కాదు, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "వదినా, నేనింకా బతికే ఉన్నా, కంచం వదులు" అని అరుస్తాను. ఆవిడ నవ్వేసి "అయిపోయిందనుకున్నా మరిదీ" అంటుంది.

నేను వాళ్ళింట్లోనే ముందు గదిలో ఉంటాను. కంటెయినర్ల యార్డులో క్రేను నడుపుతాను. కాగితాల మీద 'ఆపరేటర్' అని రాసుకుంటారు గానీ, అక్కడ అందరూ పిలిచేది డ్రైవర్ అనే. తొమ్మిదేళ్ళుగా నేల మీదకంటే ఎనభై అడుగుల ఎత్తున, అద్దాల కేబిన్‌లో ఎక్కువ సేపు ఉన్నాను. కింద ఎవరు ఎవర్ని తిట్టుకుంటున్నారో వినపడదు. అంతకంటే సుఖమైన ఉద్యోగం నాకు తెలీదు.

మా వదిన ఉద్యోగం సంగతి చెప్పడం కాస్త కష్టం. మూడేళ్ళకోసారి మా లైసెన్సు రెన్యువల్‌కి ఒక పరీక్ష ఉంటుంది. నిజం క్రేను మీద కాదు, గదిలో పెట్టిన దొంగ క్రేను మీద. కుర్చీ నిజందే, రెండు హ్యాండిళ్ళూ నిజమైనవే, కానీ ఎదురుగా మూడు పెద్ద స్క్రీన్ల మీద కనిపించే యార్డు, తాడు, కొక్కెం, కంటెయినర్లు అన్నీ బొమ్మలు. ఆ యంత్రం వదిన వాళ్ళ కంపెనీ తయారు చేసింది. అందులో తాడూ కొక్కెమూ గీసే ప్రోగ్రాం మా వదిన రాసింది. "నువ్వు గాల్లో వేలాడదీసేది నేను గీసిన తాడే, మర్యాదగా ఉండు" అని నన్ను ఏడిపించేది.

ఈసారి నా పరీక్ష రోజు నలభై నిమిషాల దాకా చెయ్యి తిరిగిన వంటవాడిలా లాగించేశాను. నలభై మూడో నిమిషంలో కొక్కెం ఉన్నట్టుండి ఎడమకి జరిగింది. గాలి లేదు, నేను కదపలేదు, దానంతట అదే ఓ రెండడుగులు పక్కకి పోయింది. కళ్ళకి కనిపించినదాన్ని బట్టి నేను కుడికి లాగాను. లాగిన మరుక్షణం కొక్కెం మళ్ళీ పాత చోటే ఉంది, నా కంటెయినర్ వెళ్ళి పక్క వరసని గుద్దుకుంది. పరీక్షాధికారి కంప్యూటర్లోంచి కాగితం తీసి చేతిలో పెట్టాడు. ఫలితం: ఫెయిల్. కారణం: డ్రైవర్ తప్పు.

నాలుగు వారాల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ పోతే లైసెన్సు రద్దు, జన్మలో మళ్ళీ కేబిన్ ఎక్కనివ్వరు. అప్పటిదాకా కింద నిలబడి కంటెయినర్లకి కొక్కేలు తగిలించే పని. తలెత్తితే నా క్రేనులో ఇంకొకడు. మెడ నొప్పి పుట్టేలా పైకి చూసి, వాడు బ్రేకు గుంజినప్పుడల్లా పళ్ళు కొరుక్కునేవాణ్ణి. నాలుగు వైపులా కంటెయినర్ల గోడలు, మధ్యలో సందులు. మళ్ళీ పరీక్షకి కూర్చున్న నలభై మూడో నిమిషంలో కొక్కెం మళ్ళీ జరిగితే నేనేం చెయ్యగలను? ఈ ఆలోచన నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు.

యార్డులో ఎవరూ నమ్మలేదు. నమ్మరని నాకు ముందే తెలుసు, ఎందుకంటే రెండేళ్ళ కిందట నేనూ నమ్మలేదు. నాకు క్రేను నేర్పిన గురువుగారు, ఇరవై రెండేళ్ళు కేబిన్‌లో కూర్చున్న మనిషి, ఇదే పరీక్షలో రెండుసార్లు ఫెయిలయ్యాడు. క్యాంటీన్లో టీ గ్లాసు పట్టుకుని "కొక్కెం ఎడమకి జరిగిందిరా, కళ్ళారా చూశాను" అన్నాడు. నేను ఊరుకోవచ్చుగా. ఆయన కళ్ళజోడు వంక చూసి "ఏ కళ్ళతో గురువుగారూ?" అన్నాను. క్యాంటీనంతా గొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నెలలోనే పని మానేసి వెళ్ళిపోయాడు.

ఇంట్లో వదిన కూడా నమ్మలేదు. "మా ప్రోగ్రాంని ఆరేళ్ళుగా వాడుతున్నారు మరిదీ. ఏదో ఆలోచనలో చెయ్యి జారి ఉంటుంది, ఒప్పుకుంటే పోయేదేముంది?" అంది, నా కంచం లాక్కుంటూ. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఆ ఆదివారం పొద్దున ఆవిడ బాల్కనీలో ఫోన్ మాట్లాడుతోంది. నేను తలుపు వెనక బూట్లు తుడుచుకుంటున్నాను. "అబ్బే, కొత్తదేం కాదు సార్. తప్పంతా డ్రైవర్‌దే. వేలకొద్దీ తప్పులు. ఎప్పుడో నోరు మూయించేశాను, ఇక మనకి వినపడదు" అంది. మామూలుగా నేను వదినని 'నువ్వు' అంటాను. కోపం నెత్తికెక్కితే 'మీరు' అంటాను.

"చాలా బాగుంది వదినగారూ. మీ ఇంట్లో మీరు పెట్టింది తిని బతుకుతున్నవాణ్ణి, నా నోరు మీరు మూయించక ఇంకెవరు మూయిస్తారు?"

ఆవిడ ఫోన్ పెట్టేసింది. తర్వాత పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఇంకా మండింది. "ఆ డ్రైవర్ నువ్వు కాదురా నాయనా!" అంటూ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది.

కంప్యూటర్లో బొమ్మలు గీసేందుకు వేరే కార్డు ఒకటి ఉంటుందిట. దాన్ని నడిపే ప్రోగ్రాంని కూడా డ్రైవర్ అనే అంటారుట. అది కార్డు అమ్మే కంపెనీవాళ్ళది. లోపల ఏం రాశారో ఎవరికీ చూపించరు, సీలు వేసిన డబ్బా. ఇక ప్రోగ్రాం అన్నాక తన లెక్కలు పెట్టుకోవడానికి కంప్యూటర్ మెమరీలో చోటు అడిగి తీసుకోవాలి, పనైపోయాక తిరిగి ఇచ్చెయ్యాలి. ఇచ్చేసిన చోటులోకి మళ్ళీ తొంగి చూస్తే అది తప్పు. అలాంటివి పట్టుకోవడానికి కాపలా ప్రోగ్రాం ఒకటుంటుంది, ప్రతి అడుగూ గమనించి ఫిర్యాదులు రాస్తుంది. కానీ ఆ సీలు డబ్బా పద్ధతులు కాపలావాడికి అర్థం కావు. అందుకని డ్రైవర్ ఏం చేసినా తప్పు తప్పని గోల పెడతాడు. ఒక్కసారి నడిపితే పద్నాలుగు వేల ఫిర్యాదులు.

"ఆ గోలలో మన తప్పులు కనపడవు కదా. అందుకే ఒక జాబితా రాసి పెట్టుకుంటాం. ఫలానా ఫిర్యాదులు నాకు చూపించకు అని. నేను ఆరేళ్ళ కిందట డ్రైవర్ పేరు రాసి పక్కన ఒక స్టార్ గుర్తు పెట్టాను. డ్రైవర్ పేరుతో ఏది వచ్చినా సరే, నోరు మూసుకో అని దానర్థం. ఆ రోజు నుంచీ ప్రాణానికి సుఖంగా ఉంది."

"ఆరేళ్ళుగా వాడు ఏం చెబుతున్నాడో ఎవరూ వినలేదన్నమాట" అన్నాను.

"వినడానికి ఏముంది మరిదీ? అన్నీ డ్రైవర్ తప్పులే."

నేను లోపలికెళ్ళి నా కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. "ఇందులోనూ అదే రాసుంది చూడు. డ్రైవర్ తప్పు. ఇక్కడా ఎవరూ వినలేదు." ఆవిడ ఆ కాగితం చేతిలోకి తీసుకుని మొదటినుంచీ చదివింది. సోమవారం నన్ను తనతో ఆఫీసుకి రమ్మంది.

ఆ ఆఫీసుని చూస్తే కింద యార్డే నయమనిపించింది. పొడవాటి వరండాకి చివర కిటికీలు లేని గది. గోడలకి చప్పుడు బయటికి పోని స్పాంజి అట్టలు, నేల మీద పాముల్లా వైర్లు, మధ్యలో పరీక్ష కుర్చీ. తలుపు దానంతటదే మూసుకుంటుంది, తియ్యాలంటే వదిన మెడలో కార్డు కావాలి. నేను బాత్రూంకి వెళ్ళాలన్నా ఆవిడ లేవాలి. ఆవిడ మూలన చిన్న బల్ల ముందు, గోడకేసి తిరిగి కూర్చుంటుంది. ఆరేళ్ళుగా ఆ గోడే చూస్తోందిట. వీళ్ళ మేనేజరుని 'సరేగారు' అని పిలుస్తారు, ఎవరేం చెప్పినా 'సరే' అని తర్వాత తను అనుకున్నదే చేస్తాడు కనక. యంత్రాన్ని పరీక్షించడానికి అసలు డ్రైవర్ ఒకడు దొరికాడంటే, సరే అన్నాడు.

వదిన స్టార్ గుర్తు చెరిపేసి కాపలావాణ్ణి వదిలింది. ఇక చూసుకోండి నా అవస్థ. వాడు ప్రతి అడుగూ గమనించాలి కనక యంత్రం ఇరవై రెట్లు నెమ్మదైపోయింది. హ్యాండిల్ కదిపితే కొక్కెం కదలడానికి ఆవలింతంత సేపు. ఒక కంటెయినర్ ఎత్తి దించేసరికి మధ్యాహ్నం భోజనం వేళయింది. నలభై మూడో నిమిషానికి చేరాలంటే దాదాపు మూడు రోజులు. చేరాక కొక్కెం జరగలేదు. మళ్ళీ మొదటికి. ఆ వారమంతా అదే పని. తల ప్రాణం తోకకి వచ్చింది. యార్డులో సగం రోజు కొక్కేలు తగిలించి, మిగతా సగం ఈ గదిలో స్క్రీన్ల మీది బొమ్మ బరువులు మోసేవాణ్ణి. పక్కన ఫిర్యాదులు ఆగకుండా పైకి పారుతూనే ఉండేవి. వదిన ఒక్కో దాని మొదటి వరస చూసి, "డ్రైవర్, ఇదీ డ్రైవర్, ఇదీ..." అనుకుంటూ దాటేసేది. కార్డు కంపెనీకి ఉత్తరాలు రాసింది. 'మీ ప్రశ్న అందింది' అని జవాబొచ్చింది. గోడకి చెప్పుకోవడమే మేలు, కనీసం ఎదురుగా ఉంటుంది.

రెండో వారం గడిచింది. పరీక్ష ఇంకా ఆరు రోజులే ఉంది. ఆవిడ కళ్ళ కింద నల్లటి చారలు. "నాకేం దొరకట్లేదు మరిదీ. ఆ డబ్బా తెరిచే దారి లేదు" అంది. నాకు ఆవిడ మీద జాలేసింది, నా మీద నాకు భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం యంత్రం కొక్కెం కదిలించడానికి ఆలోచించుకుంటూ ఉంటే, తోచక ఆవిడ స్క్రీన్ చదవడం మొదలుపెట్టాను. నాకు అందులో ముక్క అర్థం కాదు. కానీ ఒక్కో ఫిర్యాదూ మూడు ముక్కలుగా ఉందని మాత్రం కనిపించింది. పైన ఒక గుంపు, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి.

"వదినా, ఈ మూడేమిటి?"

"పైది, చూడకూడని చోటు చూసింది ఎవరు అని. మధ్యది, ఆ చోటు ఖాళీ చేసి ఇచ్చేసింది ఎవరు అని. కిందిది, మొదట తీసుకున్నది ఎవరు అని."

"నువ్వు పైదే చదువుతున్నావు కదా?"

"పైన డ్రైవర్ అని ఉంటే కింద ఎవరు చదువుతారు? పద్నాలుగు వేలు!"

"పైన పేరున్నవాడే దొంగా? నా కాగితంలోనూ పైన డ్రైవర్ అనే ఉంది" అని విసుక్కుని కిందకి చూశాను. అన్నీ ఇంగ్లీషు అక్షరాల చిక్కుముళ్ళు. వాటి మధ్యలో ఒక మాట దగ్గర నా కళ్ళు ఆగాయి. ఇంగ్లీషు అక్షరాలే, కానీ కూడబలుక్కుని చదివితే మన మాట. నాకు నవ్వాగలేదు.

"ఇదేంటి వదినా, ఆ కార్డు కంపెనీవాళ్ళకి తెలుగొచ్చా? ఇక్కడ 'తాడు సర్దెయ్' అని ఉందేంటి?"

వదిన నవ్వలేదు. కుర్చీ తిప్పి స్క్రీన్ దగ్గరికి మొహం పెట్టి చూసింది. ప్రోగ్రాంలో చిన్న చిన్న పనులకి పేర్లు పెట్టుకోవాలిట. ఆరేళ్ళ కిందట సరదాకి ఒక పనికి ఆ పేరు పెట్టింది మా వదినే.

"నేనే" అంది. "చూసింది డ్రైవరే. కానీ ఆ చోటు చూడమని చెప్పింది నేను. అది చూసేలోపే ఖాళీ చేసేసింది కూడా నేనే."

నాకు అర్థం కాలేదు. ఆవిడ నా వైపు చూడకుండా చెప్పింది. "తాడు ఎక్కడుందో కొలతలు ఒక చోట పెట్టి, ఇదిగో ఇక్కడున్నాయి, చూసి గియ్యి అని డ్రైవర్‌కి చెప్పాను. అది గియ్యడం మొదలుపెట్టకముందే ఆ చోటు సర్దేశాను. అయిపోయిందనుకున్నా మరిదీ."

ఇక చెప్పక్కర్లేదు. ముద్ద నోట్లోకి వెళ్ళకముందే కంచం తీసేసింది. మామూలుగా ఖాళీ చేసిన చోట కూడా పాత కొలతలే అలా పడి ఉంటాయిట, అందుకని ఏమీ తెలియదు. కానీ నలభై నిమిషాలు దాటాక ప్రోగ్రాం పరీక్ష రికార్డు దాచుకోవడానికి కొత్త చోటు అడుగుతుంది. ఎప్పుడో ఒకసారి సరిగ్గా ఆ చోటే దొరికి, అందులో వేరే అంకెలు పడతాయి. డ్రైవర్ పాపం వాటినే కొలతలనుకుని గీస్తుంది. కొక్కెం ఎడమకి జరుగుతుంది. ఆ ఫిర్యాదు మేం స్టార్ చెరిపిన రోజున, మొదటి పేజీలోనే ఉంది. అంతకుముందు ఆరేళ్ళూ కాపలావాడు అదే మాట చెబుతూనే ఉన్నాడు, నోరు మూసిన వదిన చెయ్యి కిందనుంచి.

నాకు సంతోషంతో అరవాలనిపించింది, అరిచాను కూడా. నా చెయ్యి జారలేదు! అరిచాక వదిన వంక చూస్తే ఆవిడ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఉంది. "ఆరేళ్ళు" అంది. "నువ్వొక్కడివేనా?"

నాకు వెంటనే గురువుగారు గుర్తొచ్చారు.

సరేగారు వచ్చి అంతా విన్నాడు, సరే అన్నాడు. కుర్చీ లాక్కుని నెమ్మదిగా మొదలుపెట్టాడు. "దిద్దెయ్యమ్మా. కానీ రిపోర్టులో డ్రైవర్ లోపం అని రాద్దాం. మీ మరిదికి మళ్ళీ పరీక్ష పెట్టిస్తాను, పాసవుతాడు. ఆ సీలు డబ్బా ఎవరు తెరిచి చూడబోతారు? నీ పేరు రాస్తే ఆరేళ్ళ పరీక్షలన్నీ తిరగదోడాలి. నిన్ను ఈ పనిలో ఉంచడం కూడా నా చేతిలో ఉండదు." తర్వాత నా వైపు తిరిగి "ఏమంటారు?" అన్నాడు.

నిజం చెప్పాలంటే, నాకు ఆ మాట నచ్చింది. నా కేబిన్ నాకొస్తుంది, వదిన ఉద్యోగం వదినకుంటుంది. సరే అనేద్దామని నోరు తెరిచాను. వదిన అప్పటికే రాస్తోంది. రాసింది నాకు చూపించింది. పైన పెద్ద అక్షరాల్లో ఒకే వరస: 'డ్రైవర్ తప్పు కాదు.' దాని కింద ఎవరు చూశారు, ఎవరు ఖాళీ చేశారు, ఎవరు మొదట తీసుకున్నారు, మూడు ముక్కలూ, రెండు చోట్ల తన పేరుతో సహా.

"ఇందులో డ్రైవర్ అంటే ఎవరు వదినా?" అని అడిగాను.

"ఇద్దరూ" అంది.

మళ్ళీ పరీక్షకి కూర్చున్నాను, పాసయ్యాను, కేబిన్ ఎక్కాను. వదినని తాడూ కొక్కెం పనిలోంచి తీసేశారు. అదే గదిలో, అదే గోడ ముందు, ఇప్పుడు వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాంలని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాస్తుంది. ఆరేళ్ళలో నలభై నిమిషాలు దాటాక ఫెయిలైనవాళ్ళు నేను కాక పందొమ్మిది మంది తేలారు. కావాలంటే మళ్ళీ పరీక్షకి రావచ్చని వాళ్ళందరికీ కంపెనీ ఉత్తరాలు పంపింది. గురువుగారు పోను మిగతా పద్దెనిమిది మందిలో కొందరు వచ్చారు, కొందరు రాలేదు. గురువుగారి దగ్గర్నుంచి ఏ జవాబూ లేదు. వదిన ఒక మధ్యాహ్నం "పద, నేనే చెబుతాను" అంది. నాకు వెళ్ళాలని లేదు. అయినా వెళ్ళాను.

ఆయన భార్య తలుపు తీసింది. "ఉత్తరమొచ్చిందమ్మా. ఆయన చదవరు, చదివించుకోరు. రెండేళ్ళయింది, వీధిలోకి రారు. కళ్ళు మోసం చేస్తున్నాయంటారు. ముగ్గురు డాక్టర్లు బాగానే ఉన్నాయన్నారు, అయినా నమ్మరు" అంది. లోపల కర్టెన్లు వేసున్న గదిలో ఆయన మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. టీ గ్లాసు అందుకునే ముందు చేత్తో తడుముకుని, అది నిజంగా అక్కడే ఉందని తెలిశాక పట్టుకున్నాడు. ఎనభై అడుగుల పైనుంచి కంటెయినర్ని గీత మీద గీతలా దించిన మనిషి.

వదిన కింద చాప మీద కూర్చుని మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు, సాకు చెప్పలేదు. "తప్పు నాదండీ. మీ కళ్ళది కాదు" అంది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. వదిన చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళి, మధ్యలో ఆగింది.

"అయిపోయిందా అండీ?"

"ఇంకా ఉందమ్మా" అన్నాడు. తర్వాత అడిగాడు. "ఎటు జరిగింది?"

"ఎడమకండీ."

"ఎంత?"

"రెండడుగులు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, మేం వచ్చాక మొదటిసారి, తిన్నగా నా మొహంలోకి చూశాడు.

"కళ్ళారా చూశానని చెప్పాను కదరా" అన్నాడు. "అడగవేం ఈసారి, ఏ కళ్ళతో అని?"